డెబ్బయి దగ్గర రాయి

జనార్ధన్ టేపును తడిగుడ్డతో తుడుస్తూ వెనక్కి నడుస్తున్నాడు. పసుపుపచ్చ టేపు, ముప్పయి మీటర్లది. సర్వేయర్ల వెంట ఇరవై రెండేళ్లు ఎండలో దాని కొస పట్టుకుని తిరిగాడు. ఎంత లాగితే అది తిన్నగా ఉంటుందో, ఎంత లాగితే సాగి అబద్ధం చెబుతుందో అతని చేతులకు తెలుసు. సున్నా ఉన్న కొసను దవాఖానా వసారా అంచున మేకుకు తగిలించి ఉంచాడు. అక్కడ పిట్టగోడ లేదు. అంచు దాటితే నడుంలోతు మురుగు మోరీ. టేపు డబ్బాను నాలుగు మీటర్ల దగ్గర, మందుల గది గడప పక్కన పెట్టి, కదలకుండా మీద ఇటుక పెట్టాడు. ఒక్కో సెంటీమీటరు ఒక్కో నంబరు. సున్నా నుంచి నాలుగు వందల దాకా. షామీర్‌పేట పక్కనున్న ఆ ఊళ్లో దాదాపు అందరి షుగరూ అందులో ఇమిడిపోతుంది.

గురువారం షుగరు చూసే రోజు. నర్సు అమూల్య వేలికి సూది గుచ్చి, మిషన్లో వచ్చిన నంబరు చీటీ మీద రాసి ఇస్తుంది. ఆ చీటీతో వచ్చినవాళ్లను జనార్ధన్ టేపు పక్కన, వాళ్ల నంబరు దగ్గర నిలబెడతాడు. ఇది అతనికి ఎవరూ అప్పజెప్పిన పని కాదు. ఆ చిన్న దవాఖానాను ఊడ్చి, నీళ్లు పట్టి, బెంచీలు తుడవడం వరకే అతని కొలువు. అరవై నిండాయి కాబట్టి ఆ కొలువుకీ ఇవాళే ఆఖరు.

తొమ్మిదేళ్లుగా అతనికి ఒకటే వింత. ఒకే అంకెను ఒక్కొక్కరు ఒక్కోలా చదువుతారు. మచ్చ బొల్లారం నుంచి కూతురింటికి వచ్చే ఒకామె రెండు వందల ఐదును రెండూ, సున్నా, ఐదూ అని విడదీసి, అన్నీ చిన్నవే కదా అని నిశ్చింతగా ఉండేది. టేపు పక్కన నిలబెట్టాక, తను ఎంత దూరం వెళ్లిపోయిందో చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది. కొత్త కాలనీలో ఉండే రాజారావు ఒంగోలు వైపు మనిషి, బ్యాంకులో చేసి రిటైరయ్యాడు. ఆయనకు అది పరీక్షలో మార్కు.

"నూట పద్ధెనిమిది, జనార్ధన్! పోయిన వారం కంటే ఆరు తక్కువ. ఇందాక వెళ్లినాయనది ఎంతట?"

"వేరేటోళ్లది మనకెందుకు సారూ? మీ జాగల మీరు నిలవడున్రి."

బెంచీ మీదివాళ్లు నవ్వారు. రాజారావు కూడా నవ్వి, చెప్పులు విడిచి నూట పద్ధెనిమిది దగ్గర బొటనవేళ్లు ఆనించి నిలబడ్డాడు.

అప్పుడు లోపలి నుంచి లక్ష్మమ్మ వచ్చింది. అరవై ఎనిమిదేళ్ల మనిషి. వాళ్లింటి పొలమంతా ఇప్పుడు ప్లాట్లు. ఎవరి హద్దు ఎక్కడుందో కాగితం చూడకుండా చెబుతుంది. నుదుటి మీద చెమట మెరుస్తోంది. చీటీ పట్టుకున్న చెయ్యి వణుకుతోంది. మొహం మాత్రం వెలిగిపోతోంది.

"జనార్ధనూ, సూడు. అరవై ఒకటి! పోయినసారి గాడ ఉంటి," అని రెండు వందల నలభై వైపు చెయ్యి ఊపింది. "ఇగ గెలిచినట్టే గదా?"

"పొద్దుగాల ఏం తిన్నవక్కా?"

"ఏం తినలే. రాత్రి గూడ తినలే. గోలీలు మాత్రం రెండు పూటల ఏసుకున్న. ఇయ్యాల నువ్వు పోతున్నవన్నరు. ఆఖరుసారి నీకు మంచి నంబరు సూపిద్దామనుకున్న."

జనార్ధన్ ఆమె మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి లోపలికి కేకేశాడు. అప్పటికే అమూల్య గ్లూకోజు నీళ్ల గ్లాసుతో ఆమె వెనకాలే వస్తోంది. "చీటీ లాక్కుని వచ్చేశారేంటి అమ్మా! మొత్తం తాగండి," అంది. పావుగంట ఆగి మళ్లీ గుచ్చింది. తొంభై నాలుగు. తన టిఫిన్ డబ్బాలోని ఇడ్లీలు కూడా తినిపించింది. చెమట ఆరింది, వణుకు తగ్గింది, మొహం మాత్రం వాడిపోయింది.

"అంత తిప్పలు పడి దించితే, సక్కెర నీళ్లు తాపి ఎక్కిస్తిరి గదే."

జనార్ధన్ టేపు వంక చూశాడు. డెబ్బయి దగ్గర అతను ప్రతి వారం సుద్దతో గీత గీస్తాడు. ప్రతి వారం అది కాళ్ల కింద పడి చెరిగిపోతుంది. పెద్ద నంబర్ల వాళ్లను ఇటు రండి, ఇటు రండి అని తొమ్మిదేళ్లు గొంతెత్తి పిలిచాడు. ఇక్కడ ఆగండి అన్న మాట మాత్రం నోట్లోనే అన్నాడేమో. రేపటి నుంచి ఆ మాట అనడానికి కూడా ఇక్కడ ఉండడు.

"మా ఇంటామెది నలభై ఎనిమిది ఒచ్చిందక్కా, ఒక రాత్రి. నేనే సంబరపడ్డ. మస్తు తగ్గింది, ఇగ పండుకో అన్న. తెల్లారి లేవలే."

లక్ష్మమ్మ అతని వైపు తిరిగింది. ఇన్నేళ్లలో ఈ సంగతి ఆమె వినలేదు. ఎవరూ వినలేదు.

"నీ జాగకు ఒక్క దిక్కే హద్దుంటదా?" అన్నాడతను.

"అట్లెట్లుంటది? ఒక్క దిక్కు హద్దుంటే అది జాగనా?"

"మరి గిది నీ జాగ. పొద్దుగాల ఏం తినకముందు గా దిక్కు నూట ముప్పై, గీ దిక్కు డెబ్బై. పైకి పోతే సూడు, ఎంత నేలుందో. మందులతోని మెల్లగ నడిచి రావొచ్చు. ఇందాక నువ్వున్న అరవై ఒకటి కాడికెళ్లి గిట్ల అంచు దిక్కు ఒక అడుగెయ్యి."

లక్ష్మమ్మ లేచి అరవై ఒకటి దగ్గర నిలబడింది. అడుగు ఎత్తింది. కింద మోరీ కనిపించింది. ఎత్తిన కాలు వెనక్కి పెట్టుకుంది. చాలాసేపు అంచునూ, నాలుగు మీటర్ల అవతలి గడపనూ మార్చి మార్చి చూసింది.

"హద్దంటివి. రాయేది?"

"సుద్దతోని గీసిన."

"సుద్ద హద్దా! వింటే నవ్వుతరు."

ఆమె మెట్లు దిగి, పక్క ఖాళీ ప్లాటులో కాసేపు వంగి వెతికింది. విరిగిన రాతి కడీ ముక్కను కొంగులో పెట్టుకుని ఆయాసపడుతూ వచ్చింది. ఒక వైపు సున్నం పూసి ఉన్న రాయి. సరిగ్గా డెబ్బయి దగ్గర, టేపు మీదే పెట్టి, కాలితో నొక్కి చూసింది.

రాజారావు దగ్గరికి వచ్చి, కళ్లజోడు సర్దుకుని వంగాడు. "అంటే తక్కువ రావడం కూడా ఫెయిలేనా?"

"హద్దు మీద కాలు పెట్టకు సారూ," అంది లక్ష్మమ్మ. "జరుగు. గీ నడుమనే ఉండాలె."

మధ్యాహ్నం దాకా ఆమె ఇంటికి పోలేదు. చీటీతో వచ్చిన ప్రతివాళ్లకూ జనార్ధన్ నంబరు చూపించాడు, లక్ష్మమ్మ రాయి చూపించింది. గోలీ వేసుకుని తినకుండా వచ్చావా అని ఒక్కొక్కరినీ నిలదీసింది. ఆమె గొంతు అతని గొంతు కంటే పెద్దది.

నాలుగింటికి అమూల్య మేడ్చల్ నుంచి తెప్పించిన శాలువా కప్పింది. జనార్ధన్ మొహమాటపడి దాన్ని మడిచి సంచిలో పెట్టుకున్నాడు. బెంచీలు గోడకు జరిపాడు. తాళాలు ఆమెకిచ్చాడు. మిగిలింది టేపు ఒక్కటే. అది అతని సొంతం.

ఇటుక తీసి, పిడి తిప్పుతూ టేపు చుట్టుకుంటూ అంచు వైపు నడిచాడు. మూడు వందలు, రెండు వందలు, నూట ముప్పయి డబ్బాలోకి వెళ్లిపోయాయి. డెబ్బయి దగ్గర పిడి బిగిసింది. రాయి తియ్యకుండా టేపు రాదు. అతను గొంతుకూర్చున్నాడు. ఇరవై రెండేళ్లలో ఎంతమంది అడిగినా ఒక్క హద్దు రాయిని కూడా అతని చేతులు కదిలించలేదు.

రోడ్డు మీద షేర్ ఆటో హారన్ కొట్టింది. జనార్ధన్ లేచి, సంచి భుజానికి తగిలించుకుని మెట్లు దిగాడు.

వసారా మీద టేపు డబ్బా, దాని పక్కన ఒక వైపు సున్నం పూసిన రాయి, ఆ రాయి కింది నుంచి అంచు దాకా ఇంకా చుట్టని డెబ్బయి సెంటీమీటర్ల పసుపుపచ్చ టేపు.