బ్యాటరీ కాడ పెద్దతల్లి

నా నోరు మంచిది కాదని మా పలాస అపార్ట్‌మెంట్‌లో పన్నెండు ఫ్లాట్ల వాళ్ళూ ఒప్పుకుంటారు. అందుకే నన్ను సెక్రటరీని చేశారు. సీతారత్నం అరిస్తే లిఫ్టు కూడా ఆగిపోతుందని నా వెనకాల అనుకుంటారట. అనుకోనీ.

ఆ ఆదివారం మధ్యాహ్నం మొదటి అంతస్తులో ప్లాస్టిక్ కాలుతున్న వాసన వచ్చింది. సింహాచలం అన్నయ్య వాళ్ళ తలుపు తీసే ఉంది. గుమ్మం పక్కనే నేలమీద స్కూటర్ బ్యాటరీ చార్జింగ్‌లో ఉంది. దాని మీద తడిగుడ్డ. అన్నయ్య భార్య పెద్దతల్లి పక్కన కూర్చుని ఇంకో గుడ్డ పిండుతోంది.

"ఏటి సేత్తన్నావు వదినా?"

"ముట్టుకుంటే సుర్రుమంటంది. జొరమొచ్చిన పిల్లకి తడిగుడ్డ ఎయ్యమా? అలాగే ఏసినాను."

నా పైప్రాణాలు పైనే పోయాయి.

"ఓలమ్మో! దాన్ని ముట్టుకోకు! లెగు, బయటికి రా!"

డయాలసిస్ సూదులు గుచ్చే ఎడమ చెయ్యి వదిలి కుడి రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చాను. కిందకెళ్ళి వాళ్ళ మెయిన్ ఆపేశాను. మిగతా ఫ్లాట్ల వాళ్ళందర్నీ కేకలేసి రోడ్డు మీదకు దింపి, ఫైరాఫీసుకు ఫోన్ చేశాను. వాళ్ళొచ్చి ఆ బ్యాటరీని ఖాళీ స్థలంలోకి పట్టుకుపోయారు. అంటుకోలేదు, మా అదృష్టం.

కూరల సంచితో వచ్చిన అన్నయ్యను గేటు దగ్గరే పట్టుకుని కడిగేశాను.

"అసలు చార్జరు పాడైపోనాది సెల్లెమ్మా. బజార్లో దొరికింది తెచ్చినాను. గుమ్మం కాడైతే గాలి తగుల్తాదని..."

"గుమ్మం కాడ అంటుకుంటే వదిన ఎలాగ బయటికొత్తాది? పైనున్నోళ్ళు ఎలాగ దిగుతారు?"

అన్నయ్య తల దించుకున్నాడు. నేను ఆగలేదు. ఇంకో పావుగంట తిట్టాను.

సాయంత్రం కూర్చుని నోటీసు రాశాను. 'ఈ భవనంలో ఎలక్ట్రిక్ బండ్లు ఉంచరాదు.' కింద సంతకం కూడా పెట్టేశాను. అంటించడానికి మాత్రం చెయ్యి రాలేదు.

వాళ్ళకు ఉద్దానంలో కొబ్బరితోట ఉంది. వదిన కిడ్నీలు పాడయ్యాక, వారానికి మూడుసార్లు డయాలసిస్ కోసమని తోట అక్కడే వదిలి ఇక్కడ అద్దెకు దిగారు. తిరిగొచ్చేటప్పుడు ఆటో కుదుపులకు ఆమెకు వాంతులవుతాయి. అందుకని అన్నయ్య ఆ స్కూటర్ కొన్నాడు. ఆమెను వెనక కూర్చోబెట్టుకుని, ఇద్దరి నడుములకూ కలిపి తువ్వాలు చుట్టి, పక్కన నడిచేవాళ్ళు దాటిపోయేంత నెమ్మదిగా తోలుకొస్తాడు. ఎన్నిసార్లు బాల్కనీలోంచి చూసి నవ్వుకున్నానో! ఆ బండి తీయించేస్తే ఆ మనిషిని ఎలా తీసుకెళ్తాడు?

నోటీసు చింపేశాను.

మెట్లకు దూరంగా, ప్రహరీ పక్కన ఒక రేకుల పంచ ఉంది. మందస నుంచి మా తమ్ముడు పంపే జీడిపిక్కల బస్తాలు ఐదేళ్ళుగా అక్కడే వేసుకుంటున్నాను. ఎవరడిగినా ఆ చోటు ఇచ్చింది లేదు. మర్నాడు బస్తాలన్నీ నేనే తీయించి, ఎలక్ట్రీషియన్ చేత వేరే లైను వేయించాను. ఆ వారం మూడుసార్లూ మా అబ్బాయి వరుణ్ వాళ్ళను కారులో దించాడు. ఈలోగా కంపెనీ మెకానిక్ కొత్త బ్యాటరీ, దానికి సరిపడే చార్జరు బిగించి ఇచ్చాడు. నేను రూళ్ళు చెప్పాను. పగలే చార్జింగ్ పెట్టాలి. వేరే చార్జరు వాడకూడదు. పైన గుడ్డ ముక్క కూడా కప్పకూడదు. వేడెక్కితే దూరం జరిగి నన్ను పిలవాలి. నిండేదాకా ఒకరు మెలకువగా కనిపెట్టుకుని ఉండాలి.

తర్వాతి వారం మంగళవారం పొద్దున్న చూస్తే, పంచకు నాలుగడుగుల ఇవతల కుర్చీ వేసుకుని పెద్దతల్లి కూర్చునుంది. నాకు ఒళ్ళు మండింది.

"నిన్ననే మిషను మీదనుంచి లెగిసిన మనిషివి! నీకేటి పని ఇక్కడ? అన్నయ్యేడి?"

"గట్టిగా అరవకు వదినా. తొంగున్నాడు."

"నిండడానికి నాలుగు గంటలు పడతాది. అంతసేపూ కూకుంటావేటి?"

"నాను మిషను కాడ తొంగున్న నాలుగు గంటలూ పక్కన కూకునేది ఎవులు? మూడేళ్ళయినాది. ఒక్కపాలి కునుకు తియ్యలేదు ఆ మనిషి." కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఆయన బండి కాడ నాను కూకోవద్దేటి?"

ఇంట్లోకెళ్ళి ఇంకో కుర్చీ తెచ్చి ఆమె పక్కన వేసుకున్నాను.

"ఒకరుంటే సాలని నీ రూలే కదా వదినా" అంది.

"నా రూలు నాకే సెప్పకు. జరుగు" అన్నాను.