కంబళి మీద కూర్చున్న నీడ

ఆట ఆడిన మర్నాడు పొద్దున్నే తెరను ఎండకు ఆరవేయడం సౌందరరాజ నడిపే ఆటల మేళంలో అలవాటు. కాగడాల పొగ, నూనె జిడ్డు పట్టిన ఆ తెల్లగుడ్డను మదురై వీధి పక్కన రెండు గుంజలకు కట్టడం బంగారు అనే ఆమె పని. ఆమె కడుతుండగానే గుడ్డ మీద నీడ లేచి తల దువ్వుకునేది. మజ్జిగ అమ్మే ఆడవాళ్లు కుండలు సర్దుకుంటూ దాని పక్కనుంచే పోయేవాళ్లు. ఎవరూ ఆగి చూసేవాళ్లు కారు. చూడాలంటే సాయంత్రం ఎలాగూ ఆట ఉంది.

ఆ నీడ బంగారుదే, పంతొమ్మిదేళ్లప్పటిది. కంబం దగ్గర పల్లెలో గొర్రెలు, జొన్నచేలు ఉన్న, తెలుగు మాట్లాడే నాయకర్ల ఇంటిపిల్ల, ఊరికి వచ్చిన మేళం వెంట వెళ్లిపోయింది. మొదటి ఆటలో రాణి వేషం కట్టి, కాగడాల వెలుగులో తెర ముందు నిలబడి, జడను భుజం మీదికి వేసుకుని వెనక్కి తిరిగి చూసింది. జనం రెప్ప వేయలేదు. ఆట ముగిసి ఆమె రంగు కడుక్కున్నాక కూడా నీడ తెర మీంచి దిగలేదు. ఆనాటి నుంచి మిట్ట ఎండలో నడిచినా ఆమె కాళ్ల దగ్గర నేల ఖాళీగానే ఉండేది. మేళంలో కొందరికి గొంతు పోతుంది, కొందరికి మోకాళ్లు పోతాయి. ఈమెకు నీడ పోయిందనుకున్నారు.

పేరు మాత్రం వచ్చింది. కోయంబత్తూరు నుంచి రామనాథపురం దాకా జమీందార్లు ఆమె కోసం బళ్లు పంపారు. కుంపిణీ కలెక్టరు కుర్చీ వేయించుకుని ఆట చివరిదాకా కూర్చున్నాడు. తెలుగు ఇళ్లలో పుట్టిన ఆడపిల్లలకు ఆమె పేరు పెట్టుకున్నారు.

కణతల దగ్గర వెంట్రుకలు నెరిసిన ఏడు ఆమెకు జ్వరం తగిలింది. ఆట మానలేక సౌందరరాజ ఉత్త తెర కట్టి మద్దెల వాయింపించాడు. నీడ ఒక్కతే ఆట మొత్తం ఆడింది. జనానికి లోటేమీ కనపడలేదు. ఆ తర్వాత బంగారు తెర వెనక కూర్చుని పాడింది. గొంతు జీరపోయాక పాటకు వల్లియమ్మాళ్ అనే చిన్నదాన్ని తెచ్చారు. ఇక బంగారుకు తెర కట్టడం, విప్పడం మిగిలాయి. కుంపిణీ పోయి దొరసాని రాజ్యం వచ్చిందని దండోరా వేసిన ఏడు కూడా అది బంగారు మేళమే. బంగారు ఎవరంటే జనం తెరను చూపించేవాళ్లు.

కిందటి కోతలప్పుడు ఆమె ఊరికి పోయింది. ఆమెకు కావలసింది ఒక్కటే. మిగిలిన రోజులు పుట్టింట్లో గడవాలి, అన్న ఆండియప్ప చేతుల మీదుగా పోవాలి. ఆ కులంలో విడిచిపోయినవాళ్లు మళ్లీ కలవడానికి ఒక పద్ధతి ఉంది. పెద్దలు గొర్రెబొచ్చు కంబళి పరిచి నీళ్ల చెంబు పెడతారు. పొద్దు పొడిచే వేళ ఆ మనిషి కంబళి ముందు నిలబడాలి. నీడ కంబళి మీద పడితే ఇంటిమనిషి. తాంబూలం ఇచ్చి లోపలికి తీసుకుపోతారు.

బంగారు నిలబడింది. కంబళి మీద ఎండ చెక్కుచెదరలేదు.

"నీడ ఏడ విడిచి వస్తివి?" అన్నాడు పెద్ద నాయకరు.

"మదురైలో ఉంది, మామా."

"పోయి తెచ్చుకో. అది లేక మేమేం చేసేది?"

ఆమె మేళానికి తిరిగి వచ్చి సౌందరరాజను అడిగింది. అతను కోప్పడలేదు. అది ఆడితేనే మేళం తింటోందని, తినేవాళ్లలో ఆమె కూడా ఉందని నిదానంగా చెప్పాడు.

"నా నీడ కదా, అయ్యా."

"నీదే. గుడ్డ నాది."

కొన్నాళ్లు ఆమె గుంజలు పాతింది, తెర మడిచింది. ఒక పొద్దు మడిచిన తెరను పెట్టెలో పెట్టకుండా చంకన పెట్టుకుని, కంబం పోయే ఉప్పుబళ్ల వెంట నడిచింది. వైగై ఇసుకలో నీళ్లు తాగుతూ మడత విప్పి చూసింది. నీడ జడ అల్లుకుంటోంది. ఇంటికి పోతున్నామని చెప్పింది. నీడ తల ఎత్తలేదు.

ఊళ్లో మళ్లీ కంబళి పరిచారు. బంగారు దాని మీద తెర దులిపింది. నీడ జారిపడి, లేచి, జడను భుజం మీదికి వేసుకుని వెనక్కి తిరిగి చూసింది. ముసలివాళ్లు తలపాగాలు సర్దుకున్నారు. ఆండియప్ప కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మా చెల్లే," అన్నాడు. "పోయిన పొద్దు ఇట్లే ఉండె."

అతను నీడనే చూస్తున్నాడు. ముప్పై ఏళ్లు ఊళ్లు తిరిగి వచ్చిన ఆడమనిషిని కోడళ్ల ముందు ఎలా నిలబెట్టాలో అతనికి తెలియదు. ఈ పిల్ల మీద పరవూరి దుమ్ము లేదు. పెద్ద నాయకరు తాంబూలం తీసి నీడ ముందు పెట్టాడు.

"అన్నా, నేను," అంది బంగారు.

పెద్ద నాయకరు ఆమె కాళ్ల వైపు చూశాడు. ఎండ ఖాళీగా ఉంది.

"పద్ధతి పద్ధతే అమ్మా. నీడ పడిన పిల్లను చేర్చుకుంటిమి. నీది ఇంకా పడలేదే."

"అదే నాది, మామా."

"ఆమా, నిజమే, తెచ్చి ఇస్తివి. పుణ్యం నీకే."

కంబళిని నాలుగు మూలలా పట్టుకుని, ఉరుమి డోలు వాయిస్తూ ఇంటికి మోసుకుపోయారు. నడిమింట్లో వీధివైపు గోడకు తగిలించి, కింద ఆకు వేసి అన్నం వడ్డించారు. వెంట నడిచి వచ్చిన బంగారు గడప బయట ఆగింది. ఆండియప్ప భార్య పేచ్చియమ్మాళ్ చెంబుతో కూళు, అదే జొన్న అంబలి, తెచ్చి ఆమె దోసిట్లో పోసింది. ఈ ఆడబిడ్డను ఆమె ఎన్నడూ చూసి ఎరగదు.

"ఏ ఊరమ్మా నీది? పావం, ఇంత దూరం నడిచి వస్తివే."

"మదురై," అంది బంగారు.

లోపల పిల్లలు చప్పట్లు కొడుతున్నారు. నీడ కాలు కదిపిందట. కానీ పాట లేదు, నీడకు గొంతు లేదు. కాసేపు గుసగుసలు నడిచాయి. తర్వాత ఆండియప్ప గొంతు వినిపించింది.

"తెచ్చిన ఆమెకు పాట తెలిసి ఉంటుంది. ఆడనే కూర్చుని పాడమను. దినం ఇంత కూళు పోద్దాం."

బంగారు చేతులు కొంగుకు తుడుచుకుంది. గోడకు అటువైపు నీడ ఎక్కడ ఉంటుందో లెక్క చూసుకుని, దానికి వెనకవైపు వీపు ఆనించి కూర్చుంది. జీర గొంతుతో పాట ఎత్తుకుంది.