బొడ్రాయి పాతే జాగ

నాలుగు రోజుల నుంచి ఒకటే వాన. తడి కట్టెలు మండవు, ఊదీ ఊదీ నా కళ్లు చింతనిప్పులయ్యాయి. నేను ఊదుగొట్టంతో కుస్తీ పడుతుంటే అరుగు మీది నుంచి మా ఆయన కొమురెల్లి మూడోసారి కేకేశాడు. "ఏమే సారక్కా, చాయ్ అయ్యిందా లేదా?"

సరిగ్గా అప్పుడే బాలమల్లు డప్పు కొట్టుకుంటూ వచ్చాడు. "తాసిల్ నుంచి హుకుం! గోదారి పొంగుతున్నది! బండ్ల బాటకు ఉన్నోల్లంత పొద్దుగూకక ముందే మిట్టెక్కాలె!" నైజాం పోయి పదేళ్లయినా బాలమల్లు నోట హుకుం పోలేదు.

మా ఆయన కదల్లేదు. "ఫికర్ చెయ్యకు. గోదారి బొడ్రాయి దాటదు" అని తీర్పు చెప్పి చాయ్ కోసం చెయ్యి చాపాడు.

బొడ్రాయి అంటే ఊరి నడుమ పాతిన దేవత రాయి, ఊరికి బొడ్డు. మా మామ చిన్నప్పుడు పెద్ద వరదొచ్చి, నీళ్లు బొడ్రాయి కాళ్లు కడిగి వెనక్కి మళ్లాయట. ఈ కథ మా ఇంట్లో పెళ్లికి చెబుతారు, చావుకు చెబుతారు, కూరలో ఉప్పు తక్కువైనా చెబుతారు. అబద్ధమని నేననను. కానీ ఆ రాయి అప్పుడు మిట్ట మీద, మా పాత ఇంటి ముందుండేది. మూడేళ్ల కింద మా ఆయన బండ్ల బాట పక్కన కొత్త పెంకుటిల్లు కట్టాడు. మరుసటేడు పంచాయతీ మెంబరయ్యాడు. మెంబరు ఒక చోట, బొడ్రాయి ఒక చోట ఉంటే ఏం మర్యాద? పెద్దమనుషులను పోగేసి రాయిని కిందికి దింపించి మా వాకిట్లో పాతించాడు. మూడు రోజుల పండుగ. ఆ మూడు రోజులూ ఊళ్లోకి ఎవరూ రాకూడదు, ఊరు దాటి ఎవరూ పోకూడదు. ముందే వచ్చి కూర్చున్న పద్దెనిమిది మంది చుట్టాలకు వండి వార్చింది నేను. అంతా అయ్యాక, "నువ్వేం చేసినవ్, ఇంట్లనే ఉంటివి గద" అన్నాడు. అలా రాయి కిందికి దిగింది, కథ కూడా దాని వెంటే దిగింది.

నేల ఎత్తుపల్లాలు నీళ్లు మోసేదానికి తెలియకపోతే ఎవరికి తెలుస్తాయి? పాత ఇంటికి ఏడేళ్లు గోదారి నుంచి రోజుకు ఎనిమిది బిందెలు మోశాను. రేవు నుంచి బండ్ల బాట దాకా ఊపిరి సుఖంగానే ఆడుతుంది. అక్కడ మొదలవుతుంది మిట్ట. సగంలో రొప్పు వస్తుంది, దాన్నే మేం దమ్మంటాం, పాత బొడ్రాయి దగ్గర బిందె దించనిదే మరో అడుగు పడదు. కొత్త ఇంటికి వచ్చాక నాకు ఆయాసమన్నదే లేదు. ఎంత మంచి ఇల్లని మురిసిపోయాను, పిచ్చిదాన్ని! నాకు గోదారి దగ్గరైందంటే గోదారికి మేమూ దగ్గరయ్యామని ఆ పొద్దు పొయ్యి ముందు తట్టింది. నాలుగేళ్ల నా బిడ్డ కొమురవ్వ పక్కనే బొమ్మరిల్లు కట్టుకుంటోంది. ఊదుగొట్టం అక్కడే పడేసి లేచాను.

"ఇగో, పాతింటికి పోదాం" అన్నాను.

"గడ్డి కొట్టం జేసినం గద దాన్ని! మెంబరు పోయి గడ్డిల పండుకుంటడా? ఊరు నవ్వుతది."

"ఊరు మునిగితే నవ్వెటోల్లు ఎవలుంటరు?"

"నీళ్ల సంగతి నీకేం ఎరుకనే?"

నీళ్ల సంగతి నాకేం ఎరుకట! పదేళ్లు బిందె మోసిన నెత్తి భగ్గుమంది. ఈయన జన్మలో ఒక్క చెంబు ముంచి ఎరగడు. తోడిపెట్టిన నీళ్లకు కూడా 'చల్లగున్నయ్' అని వంక పెట్టే మనిషి.

మూలన కూర్చున్న మా అత్త నాగవ్వ వైపు చూశాను. మా ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. కొడుకును వెనకేసుకొచ్చి నన్ను నాలుగు తిడుతుందనుకున్నాను. ఆమె ఆకు నములుతూ అడిగింది.

"పిల్లా, కొత్తింటికి వచ్చినంక నీకు ఎప్పుడన్న దమ్మొచ్చిందా?"

"రాలే అత్తా."

"ఒక్కనాడు సుత?"

"ఒక్కనాడు సుత రాలే."

ఆమె లేచి చీర కుచ్చిళ్లు దోపుకుంది. "నేను ముప్పై ఏండ్లు మోసిన. పాత బొడ్రాయి కాడ పాణం పోయేది. పా పిల్లా, గీ ఇల్లు మునుగుతది."

"అవ్వా, నీకు సుత మతి పోయిందా? బాపు చెప్పింది మరిచినవా?" అని తల్లి మీద లేచాడు మా ఆయన.

"మీ బాపు సుత బిందె మొయ్యలే బిడ్డా. ఆయనకేం ఎరుక!"

ఇంకేం అడగలేదు ఎవరినీ. బిడ్డను చంకనేసుకుని, నిప్పు కుండ పట్టుకుని ఒక తిరుగుడు. బియ్యం, బెల్లం, చాయ్ పత్తి ఒక తిరుగుడు. మంచినీళ్ల బిందెలతో ఇంకొకటి. అత్త బర్రెను తోలుకొచ్చింది. మెంబరు ఇంటి ఆడవాళ్లే పోతున్నారని చూసి బాట పక్క ఇళ్ల వాళ్లంతా మూటలు కట్టారు. మా ఆయన మాత్రం కుర్చీలో కాళ్లు పైకి పెట్టుకుని, "రాయి ఉన్నంతసేపు నేనుంట" అన్నాడు.

పొద్దు వాలకముందే ఎర్రనీళ్లు బండ్ల బాటెక్కాయి. నేను పాతింటి గడపలో నిలబడి, కొండగట్టు అంజన్నకు మొక్కుతూ కిందికి చూస్తున్నాను. ఎంత తిట్టుకున్నా నా మనిషి గదా. అంతలో కుర్చీ నెత్తిన పెట్టుకుని, మోకాళ్ల దాకా బురదతో, బుస కొడుతూ ఎక్కి వస్తూ కనిపించాడు. పాత బొడ్రాయి గుంత దగ్గరికి రాగానే ఇక అడుగు పడలేదు. కుర్చీ అక్కడే దించి కూలబడ్డాడు.

"చాయ్ కోసం వచ్చిన" అన్నాడు రొప్పుతూ.

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. చాయ్ ఇచ్చాను.

మూడో రోజు నీళ్లు తీశాయి. అంతకుముందు మిట్టను సగం దాకా ఎక్కి అక్కడే ఆగాయి. మా పెంకుటింటి గోడలు రెండు కూలాయి, బొడ్రాయి ఒండ్రులో కూరుకుపోయింది. పాతింటి ముందు మగవాళ్లంతా పోగయ్యారు. "నేను ముందుగాల్నే పసిగట్టి ఇంటోల్లను పంపిన" అని మా ఆయన అందరికీ చెబుతుంటే, అత్త ఆకు తుపుక్కున ఉమ్మింది.

ఇక రాయిని మళ్లీ ఎక్కడ పాతాలన్న లొల్లి. రాజయ్య బడి దగ్గరన్నాడు. అంతయ్య తన దుకాణం దగ్గరన్నాడు. "తాసిల్ నుంచి కొలిచేటోన్ని పిలిపిద్దాం" అన్నాడు మా ఆయన.

నేను లోపలికి పోయి ఖాళీ బిందె తెచ్చి ఆయన ఒళ్లో పెట్టాను.

"రేవుకు పోయి నింపుకొని ఎక్కు. నీకు యాడ దమ్మొస్తదో ఆడ దించు, గక్కడ పాతుండ్రి. నీళ్లు మాత్రం ఒలకనియ్యకు, ఇయ్యాల బువ్వ గా నీళ్లతోనే."