నేరేడు రంగు మాట

పొద్దున్నే కమల గంజి కాచి, కండెలకు నూలు చుట్టి, మగ్గం గుంట ఊడ్చేది. గద్వాలలో ఆ వీధి వీధంతా అదే పని. వాళ్లింటి మగ్గానికి మాత్రం ఒక అలవాటుండేది. దాని ముందు కూర్చున్నవాళ్లు నోరు విప్పకుండా మనసులో ఏమనుకున్నా అది తెల్లటి పేకలో రంగై వచ్చేది. ఎవరి రంగు వాళ్లదే. కమలది జొన్నరొట్టె రంగు. ఆమె భర్త మొగులయ్యది నేరేడుపండు రంగు. చేయి చాలనప్పుడు అంచు పట్టడానికి వచ్చే పక్కింటి కురుమయ్యది ఇటుక రంగు. చీరలు కొనే సేటు ఆ చారల మీద వేలు పెట్టి, "ఈడ అత్తను తిట్టుకున్నట్టున్నవు గదమ్మా" అని నవ్వి, మడతపెట్టి తీసుకుపోయేవాడు.

తొంభై మూడో సంవత్సరం ఎండాకాలంలో మొగులయ్యకు మాటలు వినిపించడం మొదలైంది. "నీ చేతులు పనికిరావు, నీ నేత చూసి ఊరు నవ్వుతుంది" అని గోడ అవతలి నుంచి కురుమయ్య అంటున్నాడని ఆయన నమ్మకం. కమల గోడ సందులన్నీ మట్టితో మెత్తింది. మాటలు ఆగలేదు. పాపం కురుమయ్య, తాను లేకపోతే నయమవుతుందేమోనని ఇటిక్యాలలో చెల్లెలింటికి పోయి కొన్నాళ్లు ఉండి వచ్చాడు. "సూసినవా, ఇటిక్యాలకెల్లి గూడ అంటుండు" అన్నాడు మొగులయ్య. మగ్గం దిగినవాడు మళ్లీ ఎక్కలేదు. ఒకనాడు రోకలి పట్టుకుని కురుమయ్య మీదికి పోతే నలుగురు అడ్డం పడి ఆపారు. కులపెద్దలు ఇనుప గొలుసు తెచ్చి కమల చేతిలో పెట్టి, ఇంకొక్కసారి చేయి లేపితే కట్టేయాల్సిందే అన్నారు.

కమల ఆ గొలుసును బియ్యం డబ్బా వెనక దాచి, భర్తను కర్నూలు బస్సెక్కించింది.

అక్కడి డాక్టరు శారదమ్మ తొందరపడే మనిషి కాదు. మొగులయ్య చెప్పిందంతా విని, "మీకు వినపడటం నిజమే" అంది. ఇన్ని నెలల్లో ఆ మాట అన్న మొదటి మనిషి ఆమె. కమలకు లేచి ఆమెకు దండం పెట్టాలనిపించింది.

"మనమందరం లోపల మనతో మనం మాట్లాడుకుంటాం. ఆ మాట పుట్టేటప్పుడే 'ఇది నాది' అన్న గుర్తు దానికి పడుతుంది. మీకు కొన్ని మాటల మీద ఆ గుర్తు పడటం లేదని మా అంచనా. గుర్తు పడని మాట బయటివాళ్ల మాటలాగే చెవిన పడుతుంది. ఇక మనసు ఊరుకోదు. ఎవరన్నారా అని వెతికి, ముందు దొరికిన మనిషి మీద పెట్టేస్తుంది. ఒకసారి పెట్టాక తీయడం కష్టం."

మొగులయ్య తన వేళ్ల వంక చూసుకున్నాడు. "అంచుకూ ఒంటికీ లంకె పడకుంట నేసినట్టా అమ్మా?"

గద్వాల చీరకు పట్టు అంచు వేరు, నూలు ఒళ్లు వేరు. పోగును అటూ ఇటూ మోసే నాడెలు రెండు చెరోవైపు నుంచి వచ్చి, ప్రతి వరసలోనూ వాటి పోగులు ఒకదాన్నొకటి పెనవేసుకుని వెనక్కి మళ్లాలి. అది తప్పితే అంచు ఊడి చేతికొస్తుంది. మొగులయ్య అదంతా చెబుతుంటే శారదమ్మ శ్రద్ధగా విన్నది.

"అలాంటిదే. మాత్రలు మానకండి. మాట వినపడగానే కొట్టడానికి పోకండి. అన్నదెవరో ముందు చూడండి."

మాత్రలతో ఆయనకు నిద్ర పట్టింది. మాట మాత్రం పూర్తిగా పోలేదు. కమల పక్కింటికి పోయింది.

"అన్నా, ఆయనను మగ్గం ఎక్కిస్త. నువ్వు అంచు పట్టాలె."

"మల్ల కొడితే?"

"నేను అడ్డమొస్త."

కురుమయ్య తువ్వాల దులిపి భుజాన వేసుకుని వచ్చాడు. తన మీద రోకలి ఎత్తినవాడి భుజానికి భుజం ఆనించి కూర్చోవడానికి ఎంత గుండె కావాలి! ఆ గుండె కురుమయ్యకుంది. కాసేపు బట్ట తెల్లగానే సాగింది. ఉన్నట్టుండి మొగులయ్య చేయి ఆగింది.

"అన్నవ్! గిప్పుడే అన్నవ్, నా చేతులు పనికిరావని!"

నాడె ఎత్తాడు. కమల మధ్యకు ఉరికింది. కురుమయ్య కదల్లేదు.

"నన్ను గాదు తమ్మీ, బట్టను జూడు."

కురుమయ్య భయపడ్డ చోట అంచు పక్కన సన్నటి ఇటుక చార ఉంది. తిట్టు వినపడ్డ వరస మాత్రం ఈ కొస నుంచి ఆ కొసకు నేరేడు రంగు. మొగులయ్య బొటనవేలు తడిచేసి రుద్దాడు. రంగు పోలేదు.

"నాది," అన్నాడు. "కమలా, ఇది నాదే." అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ ఏడుపు అయ్యేదాకా కురుమయ్య అంచు వదల్లేదు.

మర్నాడు కమల గొలుసును పెద్దలకే ఇచ్చి వచ్చింది. ఆ తిట్టు మొగులయ్యకు అడపాదడపా వినపడుతూనే ఉండేది. పొద్దున గంజి కాస్తుంటే మగ్గం దగ్గరి నుంచి ఆయన గొంతు వచ్చేది.

"కురుమన్నా, ఇప్పుడేమన్న అన్నవా?"

"ఏమనలే తమ్మీ."

కమల గరిటె ఆపి వినేది. ప్రతిసారీ ఆ తర్వాతి మాట అనడానికి ఆయనకు ఎంత ధైర్యం కావాలో ఆమెకు తెలుసు.

"అయితే నేనే అయ్యుంట," అనేవాడు మొగులయ్య. నాడె మళ్లీ కదిలేది.