కిటికీ దగ్గర నడుం నొప్పి

వెన్నెముక మాత్రం నిక్షేపంలా ఉందట, ఈ వయసులో ఇంత చక్కని ఎముకలు అరుదండీ అని ఎముకల డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకి ఎత్తిపట్టి మరీ మెచ్చుకున్నాడు, లేని జబ్బుకి పరీక్ష చేస్తే ఫలితం బాగుండక ఏం చేస్తుంది, అనుకుంటూ ఆవిడ ఫిల్మును కవరులోకి తోసి వరండాలోని బల్ల మీద కూలబడింది, ఉద్యోగమంతా హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన మనిషి, కారణం ఒకటైతే కార్యం మరొకటి రాసిన పిల్లల్ని నిలబెట్టి కడిగేసిన మనిషి, ముట్లు ఆగిపోయిన ఇన్నేళ్ళకి మళ్ళీ రక్తం కనిపిస్తుంటే నడుముకి ఎక్స్‌రే తీయించుకుని కూర్చుంది, ఆ రక్తం ఏమిటై ఉండవచ్చో ఆవిడకి తెలుసు, లోపలి పొర పలచబడి ఉండవచ్చు, చిన్న కండ పెరిగి ఉండవచ్చు, క్యాన్సరూ కావచ్చు, వీటిలో ఏదో తేల్చే పరీక్ష ఇదే వరండా అవతలి కొసన స్త్రీల విభాగంలో చేస్తారు, ఆవిడ మాత్రం ఇవతలి కొసన ఉంది, అదీ రెండోసారి, కిందటి నెల వచ్చినప్పుడూ ఇదే బల్ల, ఇదే డాక్టరు, నొప్పి మాత్రలూ మలామూ, నొప్పే లేని నడుముకి ఆ మలాము ఆడపడుచు శ్రద్ధగా రుద్దింది కూడా, ఎలా ఉంది వదినా అని అడిగి మరీ.

ఇదంతా ఆ కిటికీ వల్ల వచ్చింది, హాలు మొదట్లో చీటీలిచ్చే కిటికీ, అందులో అడిగేవాడు ఒకడు, కంప్యూటర్లో కొట్టేవాడు ఇంకొకడు, ఆ రెండోవాడు ఫ్యాను కింద నుంచి కదలడు గనక మొదటివాడు మన జబ్బును గది దాటించి కేకేస్తాడు, ఇందాక ముందున్న పెద్దమనిషి ఏదో గొణిగితే మొలలు, సర్జరీ అని ఒక్క అరుపు, హాలంతా తల తిప్పి చూసింది, పాపం వదినా, ఇంక ఆయన కూర్చున్నా చూస్తారు, నిలబడ్డా చూస్తారు అని తోడొచ్చిన ఆడపడుచు కొంగు నోట్లో కుక్కుకుంది, ఆ నవ్వు ఆగకముందే తన వంతు వచ్చింది, ఏంటమ్మా ప్రాబ్లం, వాక్యం నాలుక మీద సిద్ధంగానే ఉంది, రాత్రంతా కూర్చుకున్న వాక్యం, క్రియాపదంతో సహా, నోరు తెరిస్తే నడుం నొప్పి అని బయటికొచ్చింది, నడుం నొప్పి, ఎముకలు అని వాడు కేకేశాడు, ఎవరూ తల తిప్పలేదు, ఆ తిప్పకపోవడం ఎంత హాయిగా అనిపించిందో తలచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతోంది.

సరే, చీటీదేముంది, మనిషిని నేను ఇక్కడే ఉన్నాను గదా అని ఫిల్ము చంకలో పెట్టుకుని తిన్నగా స్త్రీల విభాగానికి నడిచింది, అక్కడ బల్లల నిండా గర్భిణులే, నిండు కడుపుకి కిటికీ దగ్గర మాట అక్కర్లేదు, అదే చెప్పుకుంటుంది, అదే ఇందాక ఎముకల విభాగం బయట ఉన్న వాళ్ళలో మగవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది, మిగతా అంతా ఆడవాళ్ళే, ఈ ఊళ్ళో ఆడవాళ్ళ ఎముకలకే ఏదో పట్టుకుందా అని ఏ డాక్టరూ ఎందుకు అనుమానించడో, తలుపు దగ్గరున్న నర్సుకి, ఆ తలుపు చాటునే, ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పింది, ఒకరికి చెప్పడం ఎంత తేలికో, అయ్యో, ఆగిపోయాక మళ్ళీ వస్తే ఆలస్యం చెయ్యకూడదమ్మా అంది నర్సు, కళ్ళలో నిజమైన కంగారు, ఆ వెంటనే చీటీ తిప్పి చూసి, కానీ దీని మీద ఎముకలని ఉందే, కిటికీ దగ్గర మార్పించుకు రండి, ఆలస్యం చెయ్యకూడదన్నది మీరే కదమ్మా, నిజమేనండీ, కానీ చీటీ, తర్కానికి చీటీ అడ్డం పడితే తర్కమే పక్కకి తప్పుకోవాలి కాబోలు, పోట్లాడదామంటే ఆ పిల్ల మొహంలో పోట్లాడవలసింది ఏమీ లేదు, నవ్వొచ్చేంత కోపం వచ్చింది.

మళ్ళీ వరుస, మళ్ళీ అదే కిటికీ, కాసేపట్లో మూసేస్తారట, నేను చెబుతాలే వదినా, లోపల ఏదో గడబిడగా ఉందంటాను అంది నర్సు దగ్గరే సంగతంతా విన్న ఆడపడుచు, గడబిడకి ఏ విభాగం ఉంటుందే, పోనీ ఆడవాళ్ళ సమస్య అందాం, ఎవరి సమస్యో అడిగాడా వాడు, ఏం సమస్యని గదా అడిగాడు, అబ్బ, నీతో మాట్లాడితే పరీక్ష రాసినట్టుంటుంది, స్కూల్లో అంతమంది మగపిల్లల ముందు అన్ని పేర్లూ గడగడా చెప్పేదానివట గదా, ఆ నోరేమైంది, ఆ మాట సూదిలా దిగింది, నిజమే, మిగతా మేష్టర్లు ఆ పాఠం ఇంట్లో చదువుకోండి అని పేజీ తిప్పేస్తే తను రంగు సుద్దలతో బోర్డంతా బొమ్మ గీసి, గర్భాశయం, అండాశయం అని పిల్లలందరిచేతా వల్లె వేయించింది, కిసుక్కున నవ్విన కుర్రాణ్ణి లేపి బొమ్మలో భాగాలు చూపించమంది, ఎన్ని సార్లు, ఎన్ని తరగతులకి, కాని ఆ బొమ్మ ఎవరిదీ కాదు, గంట కొట్టగానే డస్టరుతో చెరిగిపోయేది, దానికి నొప్పి లేదు, దానికి రక్తం రాలేదు, ఇంతలో ముందున్న అమ్మాయి కిటికీ చేరింది, పాతికేళ్ళుంటాయేమో, నడుం నొప్పండీ అంది, ఆ పిల్ల చెయ్యి నడుం మీద లేదు, చంక కింద, రొమ్ము పక్కన, పైట మీంచి దేన్నో అదిమి పట్టుకుని ఉంది, నడుం నొప్పి, ఎముకలు, ఎవరూ తల తిప్పలేదు, ఆ పిల్ల చీటీ తీసుకుని హాయిగా ఊపిరి వదిలింది, ఆ హాయి ఈవిడకి తెలిసినదే.

ఏంటమ్మా మళ్ళీ వచ్చారు, ఎముకలు బాగున్నాయి బాబూ, చీటీ తప్పు, ముట్లు ఆగిపోయి చాలా ఏళ్ళయింది, ఇప్పుడు మళ్ళీ రక్తం పోతోంది, స్త్రీల విభాగానికి రాయించు అంది ఆవిడ, కిటికీలోవాడి చెవులు ఎర్రబడ్డాయి, పొద్దుటినుంచీ మొలల్నీ గజ్జినీ విరేచనాల్నీ గొంతు చించుకుని ఊరేగించినవాడు కుర్చీలోంచి లేచాడు, ఫ్యాను కింద వాడి దగ్గరికి నడిచి వెళ్ళాడు, చెవిలో నోరు పెట్టి గుసగుసగా చెప్పాడు, పాపం మర్యాద, నిజంగా మర్యాదే, ఆ మర్యాద చూస్తుంటేనే ఆవిడకి ఒళ్ళంతా ఎన్నడూ లేని సిగ్గు కమ్ముకుంది, కేకలకి పుట్టని సిగ్గు, అప్పుడు తెలిసింది, ఇన్నాళ్ళూ ఆ అరుపుకి భయపడ్డాననుకుంది, కాని తనని ఎముకల దగ్గరికి తరిమింది ఈ గుసగుసే, కిటికీ కన్నా చాలా ముందునుంచీ, అమ్మ గొంతులోంచీ అత్త గొంతులోంచీ చెవిలో పడుతూ వచ్చిన ఈ గుసగుస, వరండా మలుపులో ఆ పిల్ల ఇంకా కనిపిస్తోంది, ఎముకల వైపు నడుస్తోంది, చెయ్యి అక్కడే ఉంది, ఆవిడ వాడు తిరిగొచ్చి చాపిన కొత్త చీటీ అందుకోకుండా కిటికీ చువ్వలు పట్టుకుని, గట్టిగానే చెప్పు బాబూ, అందరికీ చెప్పినట్టే, ఆ అమ్మాయికి వినపడాలి అంది.