రేవు దగ్గర పూచీ

లాయరు తిరుపతిరావు గారి ముందుగదిలో సుధామణి కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. కుర్చీ ఉంది, ఫ్యాను ఉంది, గుమాస్తా కూర్చోమని చెప్పాడు కూడా. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఇంటికి పోవాలనిపిస్తుంది. చంకలో ఫైలు, ఫైల్లో ఒకే ఒక్క కాగితం. ఎల్లుండే ఆదివారం, రేవు శుభ్రం చేసే రోజు. వినాయక నిమజ్జనాలు అయ్యాక కృష్ణ ఒడ్డున భవానీపురం రేవులో మిగిలిపోయే ఇనుప చట్రాలూ కర్రలూ గుడ్డపీలికలూ పైకి లాగడం ఆమె నడిపే సంస్థ పని. జీతం లేని పని కనుక వచ్చేవాళ్ళంతా కాలేజీ పిల్లలే.

పోయిన ఏడు ఒక కుర్రాడి అరికాల్లో ఇనుపచువ్వ దిగింది. కుట్లు వేశారు, మానిపోయింది. మానంది ఆ కుర్రాడి తండ్రి రేవులో అందరి ముందూ అడిగిన మాట. "మావాడికేదన్నా అయితే ఎవరండీ జవాబుదారీ?" అందుకే ఈసారి వచ్చేవాళ్ళందరి చేతా సంతకం పెట్టించుకోవడానికి ఈ కాగితం తయారు చేయించింది. నాకు ఏం జరిగినా సంస్థకు పూచీ లేదు అన్నది దాని సారాంశం. లాయరుగారు ఒక్కసారి చూసి సరేనంటే భయం తగ్గుతుందని ఆమె ఆశ.

ఫోను మోగింది. గుణదల అమలమ్మ. మేరీమాత కొండ కింద కొవ్వొత్తుల కొట్టు ఆవిడది. కూతురు మాణిక్యం ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది, ఆదివారం వస్తానని పేరిచ్చింది. వారం నుంచీ తల్లి అడిగేది ఒకటే ప్రశ్న.

"అమ్మాయిని పంపమంటారాండీ?"

"కాగితం వస్తుందండీ. చదువుకుని, సంతకం పెట్టి పంపండి," అంది సుధామణి, వారం నుంచీ చెబుతున్నట్టే.

"నేనడిగేది కాగితం సంగతి కాదండీ..."

ఇంతలో గుమాస్తా లోపలికి రమ్మన్నాడు. బతికానురా భగవంతుడా అనుకుంటూ ఆమె ఫోను పెట్టేసింది.

తిరుపతిరావు గారు సేవాసంస్థల దగ్గర ఫీజు తీసుకోరు. దానికి బదులుగా నాలుగు చీవాట్లు పెడతారని ఊళ్ళో పేరు. కళ్ళజోడు సవరించుకుని కాగితం చదువుతూ సగంలో ఆగారు.

"హిమపాతము, కొండచరియలు, ఎలుగుబంటి దాడి వలన కలుగు మరణమునకు... కృష్ణలోకి ఎలుగుబంట్లు ఎప్పుడొచ్చినయ్యమ్మా?"

సుధామణి తల దించుకుంది. ఇది చక్రి నిర్వాకం. సంస్థలో కంప్యూటర్ పని చూసే చక్రికి నెట్‌లో ఏదో కొండలెక్కేవాళ్ళ కాగితం దొరికితే, ఫోను చేతే తెలుగులోకి మార్పించి ఇచ్చాడు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమన్నట్టు ఈమె ప్రింట్లు తీయించింది. చదివింది మాత్రం చివరి వాక్యం ఒక్కటే. ఆమెకు కావలసింది అదే మరి.

"ఎలుగుబంటిని కొట్టేయండి సార్. మిగతాది చాలు కదా?"

"మిగతాది అసలే చాలదు. మీ అజాగ్రత్త వల్ల ఎవరికన్నా దెబ్బ తగిలితే, సంతకం పెట్టారు కదా అని కోర్టు మిమ్మల్ని వదిలేస్తుందనుకోకండి. కాళ్ళకి బూట్లిచ్చారా, పడవలో లైఫ్ జాకెట్లున్నయ్యా, ప్రమాదం ఉందని ముందే చెప్పారా, అవి అడుగుతారు. పద్దెనిమిది నిండనివాళ్ళు ఎవరన్నా వస్తున్నారా?"

"ఒకమ్మాయండీ. పదిహేడు."

"ఆ పిల్ల సంతకం చెల్లదు. తల్లి పెట్టినా పిల్ల హక్కు ఎక్కడికీ పోదు."

"మరి నేనెట్లా తప్పించుకోవాలండీ?"

నోరు జారాక గానీ ఏమన్నదో ఆమెకే వినబడలేదు.

"తప్పించుకోటానికా వచ్చింది?" అన్నారాయన, మామూలుగానే.

సుధామణికి ఒళ్ళు మండింది. "ఊరికే చేసేవాళ్ళని కూడా ఇట్లా దోషుల్లాగా నిలబెడితే ఎవరు చేస్తారండీ? మానేస్తే పోతుంది."

"మానేయండి. లేదంటే సరిగ్గా చేయండి. ఏ ప్రమాదాలున్నయ్యో ఉన్నవున్నట్టు రాయండి. మీరేం ఇస్తారో రాయండి. ప్రమాద బీమా తీసుకోండి. చిన్నపిల్లల్ని నీళ్ళలోకి దించొద్దు. చదివామని వాళ్ళు సంతకం పెడతారు, దాని విలువ దానికుంది." కాగితం వెనక్కి ఇస్తూ ఆయన కింద వేలుపెట్టి చూపించారు. "ఇందులో మీ సంతకానికి చోటే పెట్టుకోలేదు మీరు."

ఆటో ఎక్కింది. ట్రాఫిక్‌లో ఆగిన ప్రతిసారీ దిగి నడిచి పోదామా అనిపించింది. ఇంటికి పోవాల్సిన మనిషి రేవు దగ్గర దిగిపోయింది. నది నిండుగా ఉంది. ఒడ్డున ఒక చట్రం, మట్టి కరిగిపోయి, చువ్వలు బయటికి పొడుచుకొచ్చి ఉంది.

ఆమె తండ్రి కొండలయ్య దివిసీమలో సముద్రం మీద చేపల వేటకు వెళ్ళే మనిషి. ఎవరి పిల్లాడినైనా మొదటిసారి పడవ ఎక్కించుకునే ముందు వాళ్ళింటికి వెళ్ళేవాడు. తల్లి చెంబుతో మంచినీళ్ళిస్తే తాగి, "పూచీ నాది" అనేవాడు. అంతే, ఇంకే కాగితమూ లేదు. అలా తీసుకెళ్ళిన సుబ్బరత్నం కొడుకు కోటి ఒక గాలివానలో తిరిగి రాలేదు. కొండలయ్యను ఎవరూ పల్లెత్తు మాట అనలేదు, సుబ్బరత్నం కూడా. అయినా ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ళూ వేట నుంచి రాగానే మొదటి చేపలు ఆవిడ గుమ్మంలో పెట్టి, ఆ తర్వాతే ఇంటికొచ్చేవాడు. చిన్నప్పుడు సుధామణి పోట్లాడేది.

"గాలికి నువ్వేం చేస్తావు నాన్నా?"

"గాలి నాది కాదే. మాట నాది."

జీవితంలో ఎవరికీ అలాంటి మాట ఇవ్వకూడదని అప్పుడే ఒట్టు పెట్టుకుంది. ఏడాదిగా తను భయపడుతున్నది కోర్టుకు కాదు, చువ్వ దిగిన కుర్రాడి తండ్రికీ కాదు. సుబ్బరత్నం గుమ్మానికి. ఆ సంగతి తెలిసేసరికి ఆమెకు సిగ్గేసింది, నాన్న మీద బెంగ కూడా పుట్టింది. అక్కడే నిలబడి ఫోను తీసింది.

"అమలమ్మగారూ, సుధామణినండీ. అమ్మాయిని పడవ ఎక్కించను, నీళ్ళలోకి దించను. గట్టుమీదే పని. బూట్లూ గ్లౌజులూ నేనిస్తాను. అయినా చువ్వ గీసుకోవచ్చు, కాలు జారొచ్చు. అది కూడా చెప్తున్నా. పంపండి. పూచీ నాది."

అవతల కొట్లో ఎవరో కొవ్వొత్తులు బేరమాడుతున్నారు.

"వారం బట్టీ ఈ మాట కోసమేనండీ నేను ఫోన్ చేసేది," అంది అమలమ్మ. "మా పిల్లకి ఆరో నంబరు బూట్లు కావాలి."

సుధామణి దగ్గర ఆ కాగితం తప్ప ఇంకేమీ లేదు. ఎలుగుబంటిని కిందికి తిప్పి, ఫైలు మీద పెట్టుకుని, మాణిక్యం, ఆరు అని రాసుకుంది. భయం రవ్వంత కూడా తగ్గలేదు. ఆ పేరు కింద తన సంతకం పెట్టింది.