మూడో వరుస పడవ

నేను ఒక పందెం పడవను. పడవ అనగానే మీరు గోదారి మీద లాంచీనో, చేపలవాళ్ల నాటు పడవనో ఊహించుకుంటే నాకు చిన్నతనంగా ఉంటుంది. నా పొడుగు ఇరవై ఏడు అడుగులు. నడుము మాత్రం ఒక్క మనిషి ఇరుక్కుని కూర్చునేంత. బరువు పద్నాలుగు కిలోలు, అంటే మీ వంటింటి సిలిండరులో ఉండే గ్యాసంత. ఒళ్లంతా కార్బన్ గుడ్డ. కడుపులో చిన్న చక్రాల మీద ముందుకీ వెనక్కీ జరిగే పీట ఒకటి, దాని ముందు పలకకు బిగించిన బూట్ల జత ఒకటి ఉంటాయి. ప్రస్తుతం హైదరాబాదులో ఒక ఈవెంట్ కంపెనీ గోదాములో, థర్మోకోల్ ఏనుగుల పక్కన పడుకుని ఇదంతా చెబుతున్నాను. ఏనుగులు మంచివే గానీ వాటితో మాట్లాడటానికేమీ ఉండదు.

మా ఆటలో ఒక వింత ఉంది. తెడ్లు వేసే మనిషి వెనక్కి తిరిగి కూర్చుంటాడు. దాటి వచ్చిన నీళ్లే అతనికి కనబడతాయి, వెళ్లబోయే నీళ్లు కనబడవు. ముందున్నది చూసేదాన్ని నేనొక్కదాన్నే, నాకేమో అప్పట్లో నోరు లేదు.

నేను పుట్టింది ఒక చలిదేశంలో. అక్కడ నన్ను చేసిన ముసలాయన నా మీద చెయ్యి వేసేముందు ఉంగరం తీసి జేబులో వేసుకునేవాడు, గీత పడుతుందని. ఇలాంటి పడవల్ని కూర్చునే మనిషి బరువును బట్టి చేస్తారు. నన్ను తొంభై కిలోల మగవాడి కోసం చేశారు. అదే కొట్టంలో అరవై కిలోల ఆడపిల్ల కోసం చేసిన నా చెల్లెలు కూడా ఉంది. మన దేశం నుంచి కొనడానికి వచ్చిన పెద్దమనుషులు ఇద్దర్నీ చూశారు, ధర ఒకటేనా అని అడిగారు. ఒకటేనని తెలియగానే ఒకరి మొహం ఒకరు చూసుకుని, “డబ్బు అంతే అయినప్పుడు పెద్దదే తీసుకుందాం, చిన్నది ఎందుకు?” అన్నారు. చీరల కొట్టులో బేరం చేసినట్టు నన్ను బేరం చేసి తీసుకొచ్చారు. ముసలాయన అడ్డు చెప్పబోయి, బిల్లు చూసుకుని మానుకున్నాడు.

నన్ను కొనడానికి డబ్బెక్కడిదో చెప్పాలి. ఒలింపిక్ ఆటలన్నింటికీ సర్కారు సొమ్ము పంచే మండలి ఒకటి ఢిల్లీలో ఉంది. ఆ మండలి ఆటల్ని పెళ్లి భోజనాల్లోలాగా వరుసల్లో కూర్చోబెడుతుంది. ఒలింపిక్స్‌లో పతకం తెచ్చిన ఆటలు మొదటి వరుస, తెచ్చేలా ఉన్నవి రెండో వరుస. పాపం ఏదో ఆడుకుంటున్నాయిలే అనుకున్నవి మూడో వరుస. మొదటి వరుసకు నెయ్యి గిన్నెలతో వడ్డిస్తారు. మూడో వరుస దగ్గరికొచ్చేసరికి వంటవాళ్లు గిన్నెలు కడుగుతుంటారు. నన్ను కొన్న ఏడు మన రోయింగ్ కుర్రాడొకడు ఎక్కడో కంచు పతకం గెలిచాడు, అందుకని మా ఆట రెండో వరుసలో కూర్చుంది. ఆ కుర్రాడు ఆ తర్వాత రైల్వేలో ఉద్యోగం చూసుకుని తెడ్లు వదిలేశాడనుకోండి, అది వేరే సంగతి.

అలా నేను హైదరాబాదు సాగర్ ఒడ్డున ఉన్న రోయింగ్ హాస్టలుకు చేరి రేణుక చేతిలో పడ్డాను. నాగార్జునసాగర్ దగ్గర చేపలు పట్టే వాళ్ల పిల్ల. ఆమెను వెతికి తెచ్చి తెడ్లు చేతికిచ్చినవాడు కోచ్ సైదులు, మిలటరీలో తెడ్లు వేసి రిటైరైన మనిషి. ఆమె బరువు యాభై తొమ్మిది కిలోలు. నా బూట్లలో ఆమె పాదాలు సగం కూడా నిండలేదు. రెండు జతల మేజోళ్లు తొడుక్కుని, వేళ్ల దగ్గర గుడ్డపీలికలు కుక్కుకుని కూర్చునేది. బూట్లు మార్చమని సైదులు పెట్టిన అర్జీ ఇప్పటికీ ఎక్కడో పరిశీలనలో ఉంది. ఆమె కింద నేను నీటి మీద తేలిపోయేదాన్ని, గాలి వీస్తే తుళ్లేదాన్ని. తన బరువుకు సరిపోని నన్ను ఆమె ఎలా లొంగదీసుకుందో నాకు తెలియదు గానీ, లొంగదీసుకుంది. మొదట్లో నాకు కోపంగా ఉండేది. ఒక ఏడాది తిరిగేసరికి వేరేవాళ్లు ఎక్కితే కోపం వచ్చేది.

తర్వాతి పంపకంలో మాకు కోత పడింది. మొదటి వరుసలోని తుపాకి షూటింగ్ వాళ్లకు విదేశాల నుంచి తలగడలు వచ్చాయి, మెడ వంపును బట్టి ఒక్కొక్కరికి ఒక్కో తలగడ. మా హాస్టల్లో గుడ్లు తగ్గాయి. మా ఫిజియోథెరపిస్టును కూడా వాళ్ల శిబిరానికే పంపారు. రేణుక పక్కటెముకల్లో నొప్పి అప్పుడే మొదలైంది. ఆ నొప్పికి సైదులు వేడి ఇసుక మూట కాపడం పెట్టేవాడు. ఇదంతా నేను అసూయతో చెబుతున్నానని మీరనుకోవచ్చు. అసూయతోనే చెబుతున్నాను.

ఒలింపిక్స్ ముందు ఏడాది మండలి కొత్త మాట చెప్పింది. రోయింగ్ రెండో వరుసలో ఉండాలంటే ఎవరో ఒకరు మండలి కళ్లెదుట రెండు కిలోమీటర్లు గడువు లోపల పూర్తి చేయాలి. చేస్తే ఆ మనిషిని ఒలింపిక్ అర్హత పోటీకి పంపుతారు, హాస్టలు నిలుస్తుంది. చేయకపోతే మూడో వరుస, హాస్టలుకు తాళం. దేశం మొత్తం మీద ఆ గడువుకు దగ్గర్లో ఉన్నది రేణుక ఒక్కతే. రోజూ గడువులోపే చేస్తోంది కూడా. అందుకే పరీక్ష మా సాగర్‌లోనే పెట్టారు.

పరీక్ష తేదీ మాత్రం వినాయక నిమజ్జనమైన మూడో రోజుకు పడింది. అంతకుముందు పెడదామంటే మండలి సభ్యులకు పండుగ, ఆ తర్వాత పెడదామంటే ఇతర దేశాల్లో ఆటల సొమ్ము ఎలా పంచుతారో చూసి రావడానికి వాళ్ల విదేశీ యాత్ర. హైదరాబాదు వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు, నిమజ్జనం తర్వాత సాగర్ ఎలా ఉంటుందో. ఒడ్డున పడ్డ బొమ్మల్ని క్రేన్లు తీసేస్తాయి. తెప్పల మీద లోపలికి తీసుకెళ్లి దించిన పెద్ద బొమ్మలు మాత్రం మెల్లగా కరుగుతూ, లోపలి ఇనుపచువ్వలు బయటపెట్టుకుని వారాల తరబడి నీళ్లలోనే నిలబడి ఉంటాయి.

సైదులు రాష్ట్ర సంఘం కార్యదర్శి దామోదర్ గారి దగ్గరికి పరుగెత్తుకెళ్లాడు. ఆయన పడవల కొట్టం దగ్గరే, నా పక్కన నిలబడి ఫోన్ చూసుకుంటున్నాడు.

“సార్, గీ వారం వద్దని చెప్పుండ్రి. నీళ్ల నిండ బొమ్మలే ఉన్నయి. రొండు వారాలు ఆగితె అన్ని తీస్తరు.”

“ఢిల్లీవోళ్లకు టికెట్లు బుక్కయినయ్ సైదులూ. మనం అడిగితే భయపడ్డరంటరు.”

“భయం కాదు సార్, పడవ చీలిపోతది.”

దామోదర్ గారు నవ్వారు. “వినాయకుడు విఘ్నాలు తీసేటోడు గానీ పెట్టేటోడు కాదయ్యా. దండం పెట్టుకుని దింపు పిల్లను.”

రేణుక పక్కనే నిలబడి విన్నది. సైదులు చెయ్యి పట్టుకుని, “మీరు పరేషాన్ గాకుండ్రి సార్, నేను కొడ్త,” అంది. పరీక్షకు మిగిలిన ఆ రెండు రోజులూ సైదులు మోటారు పడవలో తిరిగి, పొడవాటి వెదురుగడతో నీళ్లు పొడుచుకుంటూ దారి వెతికాడు. దొరికిన బొమ్మలకల్లా తాడు కట్టి పక్కకు లాగాడు. మొత్తం సాగర్‌ని ఒక్కడు ఎంతని పొడుస్తాడు!

ఆ ఉదయం నీళ్లు రంగు రంగులుగా ఉన్నాయి, కుళ్లిన బంతిపూల కంపు కొడుతున్నాయి. గట్టు మీద షామియానా కింద మండలి కూర్చుంది. మధ్య కుర్చీలో అధ్యక్షులు శేషగిరిరావు గారు, మన కోస్తా మనిషే, ఢిల్లీలో స్థిరపడినవారు. ఇడ్లీలు బాగున్నాయని రెండోసారి వేయించుకున్నారు.

రేణుక మొదలుపెట్టింది. ఆ రోజు ఆమె తెడ్డు వేసిన తీరు నేను మళ్లీ ఎవరి చేతిలోనూ ఎరగను. తెడ్లు నీళ్లలో మునగడం, కాళ్లు తన్నడం, పీట వెనక్కి జారడం, అంతా ఒకే ఊపు. నొప్పి పుట్టిన ప్రతిసారీ ఆమె పళ్లు కొరకడం వినబడేది, అయినా ఊపు చెదరలేదు. సగం దూరానికే గడువు కంటే ముందున్నాం. పక్కన మోటారు పడవలోంచి సైదులు అరుస్తున్నాడు, “గట్లనే బిడ్డా, గట్లనే!” నాకు గర్వంగా ఉంది. నిజం చెప్పాలంటే నేనే పరుగెత్తుతున్నాననుకున్నాను.

అప్పుడు చూశాను. నీటికి జానెడు లోతున ఒక పెద్ద వినాయకుడు కూర్చుని ఉన్నాడు. దీవించే చెయ్యి ఎత్తి ఉంది. అరచేతి మట్టి కరిగిపోయి, ఐదు వేళ్లకూ ఐదు చువ్వలు మిగిలాయి. ఆమె వీపు అటువైపు ఉంది. నేను ఆపలేను, అరవలేను. సూటిగా ఆ చేతిలోకే వెళ్లాను.

నా ఒళ్లు ముక్కు నుంచి మూరెడు పొడుగున చీలిపోయింది. నీళ్లు లోపలికొచ్చాయి. ముక్కు బరువెక్కి కిందికి వంగిపోతోంది. రేణుకకు తెలిసింది. ఆగలేదు. నాలోకి వస్తున్న నీళ్లతో సహా నన్ను లాక్కుంటూ చివరి గుర్తు దాటించింది. దాటాక తెడ్ల మీదికి వాలిపోయింది. గడువుకు నాలుగు సెకన్లు ఆలస్యం.

సైదులు నన్ను గట్టు మీదికి లాగి, బోర్లా తిప్పి, చీలికను అధ్యక్షుల వారికి చూపించాడు. ఒక చువ్వ ముక్క ఇంకా నాలోనే దిగబడి ఉంది.

శేషగిరిరావు గారు వంగి చూసి, “అయ్యో పాపం,” అన్నారు. నిజంగానే బాధపడ్డారు, చెంపలు కూడా వేసుకున్నారు. “కానీ సైదులు గారూ, గడియారానికి చిల్లు కనబడదు కదండీ. అన్ని ఆటలకీ నియమం ఒకటే. మీకు సడలిస్తే రేపు గుర్రపుస్వారీ వాళ్లొచ్చి గుర్రానికి జలుబు చేసిందంటారు.”

షామియానా కింద అందరూ నవ్వారు.

రేణుక తడి బట్టలతోనే ముందుకొచ్చింది. “సార్, కొట్టంల పాత పడవుంది. ఇప్పుడే మల్ల తోల్త. ఊపిరి తీస్కునే టైం గూడ వద్దు.”

“నీ పట్టుదల మెచ్చుకోదగ్గదమ్మా,” అన్నారాయన వాచీ చూసుకుంటూ. అందరూ చప్పట్లు కొట్టారు. విమానం వేళయింది.

పడవ ఎందుకు చీలిందో నివేదిక రాయాల్సి వచ్చింది. దేవుడి పేరు రాయలేరు, మండలి పేరు రాయకూడదు, మిగిలింది రేణుక. క్రీడాకారిణి నిర్లక్ష్యం అని దామోదర్ గారు రాసి పంపారు. హాస్టలుకు తాళం పడింది. సైదులును ఒక ఈతకొలను దగ్గర టికెట్లు చింపే పనిలో వేశారు. మా వాటా మొదటి వరుసకు వెళ్లింది. ఆ ఒలింపిక్స్‌కు రోయింగ్ నుంచి ఎవరూ వెళ్లలేదు కాబట్టి, మనవాళ్లకు రోయింగ్‌లో సత్తా లేదని మండలి తేల్చింది. నన్ను స్టేడియం మెట్ల కింద పడేశారు. నా మీద సున్నం బస్తాలు పెట్టారు.

కొన్నేళ్లు గడిచాక మండలిలో ఎవరో లెక్క తీశారట, ఒలింపిక్స్‌లో నీళ్ల ఆటలకు బోలెడన్ని పతకాలున్నాయని. వెంటనే కొత్త పథకం పుట్టింది. దాని ప్రారంభోత్సవం హైదరాబాదులో, ఒక పెద్ద ఏసీ హాల్లో. వేదిక మీదికి ఒక పడవ కావాలి. ఈవెంట్ కంపెనీ వాళ్లు మెట్ల కింద నన్ను పట్టుకుని, కడిగి, చీలిక మీద పథకం బొమ్మ ఉన్న స్టిక్కరు అంటించారు. పడవలో కూర్చోవడానికి ఒక పిల్ల కూడా కావాలి. వచ్చినవాళ్ల మీద పన్నీరు చల్లడానికి కూలికి తెచ్చిన అమ్మాయిల్లోంచి, ఈవెంటాయన పొడుగ్గా ఉన్న ఒకామెను పిలిచాడు.

“పడవల కూసుంటవా? నవ్వుకుంట తెడ్డు ఊపాలె, గంతే.”

“కూసుంట అన్నా,” అంది రేణుక.

ఆమె బరువు నా మీద పడగానే గుర్తుపట్టాను. ఆమె నన్ను గుర్తుపట్టిందో లేదో చెప్పలేను. బూట్లలో పాదాలు పెట్టి, ఖాళీగా ఉన్న చోట కాసేపు వేళ్లు కదిపింది. తెడ్లు థర్మోకోల్‌వి, వెండి రంగు పూసినవి. ఇద్దరమ్మాయిలు నా చుట్టూ నీలం గుడ్డ ఊపుతూ అలలు చేశారు. పొగ వదిలారు. ఆమె ఊపలేదు, తెడ్లు వేసింది. విరగకుండా, మెల్లగా, కాళ్ల నుంచి వీపుకు, వీపు నుంచి చేతులకు, అదే ఊపు. నేను చెక్క మీద కదలకుండా కూర్చున్నాను.

మైకు ముందు శేషగిరిరావు గారు, జుట్టు ఇంకాస్త నెరిసింది, గొంతు మాత్రం గట్టిగానే ఉంది. “ఇంత పెద్ద దేశంలో సరిగ్గా తెడ్డు పట్టిన ఆడపిల్ల ఒక్కర్తైనా లేదంటే సిగ్గుచేటు కాదటండీ! సున్నా నుంచి మొదలుపెడుతున్నాం. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల్ని ఏరి తెస్తాం.” అని వెనక్కి తిరిగి మమ్మల్ని చూపించారు. చూపించి, ముచ్చటపడ్డారు. “భలే చేస్తోందయ్యా! అచ్చం నిజంగా వేస్తున్నట్టే ఉంది. ఎవరీ అమ్మాయి?”

పక్కనున్న దామోదర్ గారు ఆమెను చూశారు. గుర్తుపట్టారు. నాకు బాగా కనబడింది.

“ఈవెంటోళ్లు తెచ్చిన పిల్ల సార్.”

హాలంతా చప్పట్లు. జనం భోజనాలకు లేచారు. రేణుక బూట్ల పట్టీలు విప్పుకుని దిగి, ఈవెంటాయన దగ్గరికి వెళ్లింది.

“ఇసొంటి పని మల్ల ఉంటే నన్నే పిలువన్నా.”

“పిలుస్త గానీ, నువ్వు నవ్వనే లేదు. అంతసేపు మొహం గట్లెందుకు పెట్టినవ్? గీసారి నవ్వాలె.”

“ఇట్లనా అన్నా?” అని, ఆమె అక్కడికక్కడే నవ్వి చూపించింది.